జవాబు చెప్పని ఇల్లు కూడా ఇల్లే

(ఇంటింటి సర్వేలపై పరిశోధక విద్యార్థులు, ఉద్యోగులు కలిసి జరుపుకున్న సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



లెక్కలు మనకు కొత్త కాదు. నీళ్లెన్ని, నిధులెన్ని, కొలువులెన్ని అని అడుగుతూ పెరిగిన తరం మాది. ఆ కొట్లాటలో తిరిగిన వాళ్లం, దాని గురించి రాసిన వాళ్లం కాబట్టి ఒక సంగతి మాకు బాగా ఎరుక. లెక్క ఎవరి చేతిలో ఉంటే వాదన వాళ్ల చేతిలో ఉంటుంది. 2010 డిసెంబర్‌లో శ్రీకృష్ణ కమిటీ నివేదిక ఇచ్చినప్పుడు కూడా ప్రాంతాల మధ్య తేడాలు చూపడానికి కుటుంబ సర్వేల అంకెలను వాడుకున్నది. ఆ అంకెల మీద ఊరూరా చర్చ జరిగింది. ఎన్ని ఇళ్లను అడిగారు అన్న ప్రశ్న వినపడింది. అడిగితే చెప్పని ఇళ్లు ఎన్ని, అవి ఎవరివి అన్న ప్రశ్న మాత్రం పెద్దగా వినపడలేదు.

ఇయాళ మా ముచ్చట ఆ రెండో ప్రశ్న మీదనే. సర్వే పండితులు దీన్ని నాన్ రెస్పాన్స్ అంటారు. మన మాటలో చెప్పాలంటే జవాబు రాని ఇల్లు. తాళం వేసిన ఇల్లు, తలుపు తీయని ఇల్లు, తలుపు తీసి సగం చెప్పి సగం దాచిన ఇల్లు. ఈ ఇళ్లను ఏం చేయాలి? లెక్కలోంచి తీసేయాలా? పక్కింటిని రాసుకోవాలా? మనమే ఊహించి నింపాలా? దీనికి సరైన జవాబు లేకుంటే ఎన్ని లక్షల ఫారాలు నింపినా దండగే.

మూడు శాతం వెనుక ఏముంది?

దూరం పోవద్దు. మన కళ్ల ముందు జరిగిన సర్వేనే తీసుకుందాం. 2024 నవంబర్ 6న రాష్ట్రంలో సామాజిక, ఆర్థిక, విద్య, ఉద్యోగ, రాజకీయ, కుల సర్వే మొదలైంది. 2025 ఫిబ్రవరిలో ఫలితాలు చెప్పారు. మొత్తం 1,15,71,457 కుటుంబాలు ఉన్నాయని, వాటిలో 1,12,15,134 కుటుంబాల వివరాలు వచ్చాయని ప్రకటించారు. అంటే 96.9 శాతం. మిగిలింది 3.1 శాతం, 3,56,323 కుటుంబాలు.

ప్రపంచంలో ఏ సర్వే అయినా ఇంతమంది జవాబు ఇస్తే సంబరపడుతుంది. ఈ పని చేసిన ఉద్యోగులకు ఆ గౌరవం దక్కాలి. అయినా ఆ 3.1 శాతాన్ని విప్పి చూడాలె. ప్రభుత్వం చెప్పిన ప్రకారమే అందులో మూడు కుప్పలున్నాయి. 1.03 లక్షల ఇళ్లకు తాళం ఉంది. 1.68 లక్షల కుటుంబాలు వివరాలు ఇవ్వడానికి వెనకాడాయి. 84,137 ఇళ్లు నివాసాలు కావు, లేదా ఈ రాష్ట్రం కాని వాళ్లవి.

ఈ మూడూ ఒకటేనా? కానే కావు. మూడో కుప్ప అసలు ఈ సర్వేలో లెక్కకు రావలసిన కుటుంబాలే కావు. దాన్ని పైనుంచీ కిందినుంచీ తీసేస్తే మిగిలేది 2,72,186. శాతం 2.4 దగ్గరికి దిగుతుంది. రెండో కుప్ప మనుషులు ఇంట్లోనే ఉన్నారు, మాట్లాడలేదు. మొదటి కుప్పలో మనుషులున్నారో లేరో కూడా తెలియదు. వలస పోయారా, ఉద్యోగానికి పోయారా, ఇల్లే ఖాళీనా? మూడు రోగాలను ఒక్క పేరుతో పిలిస్తే మందు ఎట్లా రాస్తాం? జవాబు రాలేదని ఒక్క గడిలో టిక్కు పెట్టి ఊరుకోవద్దు. ఎందుకు రాలేదో రాయాలె.

దీంతోపాటు నాలుగోది ఉంది. ఇల్లు దొరికింది, మనిషి మాట్లాడాడు, పేరు, ఊరు, కులం అన్నీ చెప్పాడు. ఆదాయం దగ్గరికి వచ్చేసరికి, భూమి దగ్గరికి వచ్చేసరికి నోరు మూతపడింది. ఆ ఇల్లు పూర్తయిన ఖాతాలోనే పడుతుంది. కానీ ఆ ప్రశ్నకు మాత్రం అది జవాబు రాని ఇల్లే. 96.9 అన్నది ఇళ్ల లెక్క. ప్రశ్న ప్రశ్నకూ వేరే లెక్క ఉంటుంది. అది కూడా బయటపెట్టాలె.

ఎంతమంది అన్నది సగం, ఎవరు అన్నది మిగతా సగం

జవాబు రాని వాళ్లు తక్కువే కదా, ఏమైతది అని కొందరు అంటారు. ఒక చిన్న లెక్క చూద్దాం. వంద ఇళ్ల ఊరు. 80 ఇళ్లు తెరిచి ఉన్నాయి, 20 ఇళ్లకు తాళాలు. తెరిచిన 80లో 8 ఇళ్ల నుంచి మనుషులు వలస పోయారు. సర్వే ఏం చెబుతుంది? వలస 10 శాతం అంటుంది. కానీ ఆ 20 ఇళ్లకు తాళాలు ఎందుకు పడ్డాయి? వాటిలో 18 ఇళ్లు బతుకుదెరువుకు పోయినందుకే. అప్పుడు అసలు వలస 26 ఇళ్లు. పది శాతం అని రాసిన కాగితం ఆ ఊరి గోసలో సగానికి పైగా మింగేసింది. పాలమూరులో ఎండాకాలం సర్వే చేసేవాళ్లు, సిరిసిల్ల, జగిత్యాల పల్లెల్లో గల్ఫ్ ఇళ్లను లెక్కించేవాళ్లు దీన్ని మరువొద్దు. సర్వే వెతుకుతున్న మనిషే సర్వేకు దొరకడు. తప్పు వచ్చేది అక్కడే.

సూత్రం ఒక్క ముక్కలో చెప్పుకోవచ్చు. తప్పు ఎంత అంటే, జవాబు రాని వాళ్ల వాటాను, వాళ్లకూ జవాబిచ్చిన వాళ్లకూ మధ్యనున్న తేడాతో గుణించినంత. వాటా చిన్నదైనా తేడా పెద్దదైతే దెబ్బ పడుతుంది. వాటా పెద్దదైనా తేడా లేకుంటే నష్టం తక్కువ.

ఎక్కువ ఫారాలు వస్తే సత్యం వస్తుందనుకునే వాళ్లకు అమెరికాలో 1936లో జరిగింది చెప్పాలె. లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక అధ్యక్ష ఎన్నికల మీద కోటి మందికి బ్యాలెట్లు పంపింది. 23 లక్షల పైచిలుకు తిరిగివచ్చాయి. వాటిని లెక్కపెట్టి లాండన్ గెలుస్తాడని రాసింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. పంపిన జాబితాలోనే తేడా ఉన్నదన్నది నిజమే. దానికి తోడు, తిరిగి పంపినవాళ్లు పంపనివాళ్ల లాంటి వాళ్లు కారు. కోపం ఉన్నవాడు పోస్టు చేశాడు, నెమ్మదిగా ఉన్నవాడు పక్కన పెట్టాడు. లక్షల ఫారాలు కూడా ఆ పత్రికను కాపాడలేకపోయాయి.

ఇప్పటి మాట కూడా చెప్పుకుందాం. బ్రిటన్ గణాంక కార్యాలయం 2023 అక్టోబర్‌లో తన కార్మిక సర్వే అంచనాలను అచ్చు వేయడం ఆపేసింది. అడిగినవాళ్లలో జవాబిచ్చేది 17 శాతం దగ్గరికి పడిపోయింది. నిరుద్యోగం ఎంతో చెప్పలేని స్థితికి అంత పెద్ద దేశం వచ్చింది.

తలుపు దగ్గర చేయాల్సిన పని

జవాబు రానితనానికి మొదటి మందు కంప్యూటర్‌లో లేదు, కాళ్లలో ఉంది. మళ్లీ పోవాలె. ఒక్కసారి పోయి తాళం ఉందని రాసి వస్తే అది ఇంటి తప్పు కాదు, సర్వే తప్పు. కనీసం మూడు సార్లు, అదీ వేర్వేరు వేళల్లో, వేర్వేరు వారాల్లో పోవాలె. 2024 సర్వేలో ప్రాథమిక పాఠశాలలను ఒంటిపూట నడిపి టీచర్లను ఇళ్లకు పంపారు. మధ్యాహ్నం పూట పల్లెలో ముసలవ్వ దొరుకుతుంది. హైదరాబాద్‌లో భార్యాభర్తలిద్దరూ కొలువు చేసే ఇంట్లో ఎవరు దొరుకుతారు? ఇది టీచర్ల లోపం కాదు. వేళను నిర్ణయించిన వాళ్లు ఆలోచించవలసిన విషయం.

2014 ఆగస్టు 19న జరిగిన సమగ్ర కుటుంబ సర్వే దీనికి పూర్తి భిన్నమైన దారి పట్టింది. ఒక్కటే రోజు. దాదాపు 4 లక్షల సిబ్బంది. రాష్ట్రమంతా సెలవు. బొంబాయి, భీవండి, సూరత్‌ల నుంచి జనం బస్సులు, రైళ్లు పట్టుకొని ఊళ్లకు వచ్చారు. తాళం సమస్య ఒక్క దెబ్బకు తగ్గింది. అయితే దాని వెనుకే ఇంకో సమస్య వచ్చింది. 2011 జనగణనలో ఈ ప్రాంతంలో 84 లక్షల లోపే ఉన్న కుటుంబాలు మూడేళ్లకు కోటి దాటాయి. లెక్కలో లేకుంటే రేషన్ కార్డు పోతుంది, పింఛను పోతుంది అన్న బుగులు జనాన్ని ఊరికి తెచ్చింది. ఒక ఇంటిని రెండు కుటుంబాలుగా చెప్పించే ఆశ కూడా అందులోనే ఉంది. ఇల్లు దొరకకపోవడం ఒక తప్పు, ఇల్లు రెండుసార్లు దొరకడం ఇంకో తప్పు. రెండూ చూసుకోవాలె.

ఇక పక్కింటి సంగతి. శాంపిల్‌లో పడిన ఇల్లు దొరకకుంటే పక్కింటిని రాసుకోవడం మన దగ్గర పాత అలవాటు. 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వేలో కూడా ఇల్లు దొరకనప్పుడు అదే తరగతి నుంచి ఇంకో ఇంటిని తీసుకునే పద్ధతి ఉంది. కాకపోతే అక్కడ ఏ ఇల్లు పోయింది, ఎందుకు పోయిందన్నది గుర్తు పెట్టి రాస్తారు. ఇంట్లో వాళ్లు పనిలో ఉన్నారా, ఊళ్లో లేరా, సహకరించలేదా అన్నది నమోదవుతుంది. మన విద్యార్థుల ప్రాజెక్టుల్లో ఆ రాత ఉండదు. మూడు వందల ఇళ్లు అనుకుంటారు, మూడు వందలు నిండేదాకా దొరికిన ఇంటినల్లా రాస్తారు, నూటికి నూరు శాతం స్పందన వచ్చిందని థీసిస్‌లో పెడతారు. పోయిన ఇంటి బదులు వచ్చింది ఎప్పుడూ దొరికే ఇల్లే. తాళం వేసిన ఇంటికి తెరిచిన ఇల్లు బదులు కాదు.

పెద్దింటి ముచ్చట వేరే ఉంది. గుడిసెలో ఉన్న మనిషి ఎవరొచ్చినా కూచోబెట్టి చెబుతాడు. గేటెడ్ కమ్యూనిటీలో ఎన్యూమరేటర్ వాచ్‌మన్‌ను దాటడమే కష్టం. అందుకే ఖర్చుల సర్వేల్లో ఉన్నోళ్ల ఖర్చు తక్కువగా పడుతుందన్న అనుమానం ఎప్పటినుంచో ఉంది. 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వేలో పట్నం ఇళ్లను కారు ఉన్నదా, దాని ధర పది లక్షలు దాటిందా అని తరగతులు చేసి మరీ ఎంపిక చేశారు. ఉన్నోళ్లు జాబితాలోకి రావడానికి అది మంచి ఉపాయమే. జాబితాలోకి వచ్చిన వాళ్లు తలుపు తీయడం మాత్రం వేరే పని. దానికి ముందుగా కాలనీ సంఘంతో మాట్లాడాలె, ఉత్తరం పంపాలె, ఆదివారం పోవాలె.

ఫారాలు వచ్చిన తర్వాత

ఎంత తిరిగినా కొన్ని ఇళ్లు మిగులుతాయి. అప్పుడు లెక్క తెలిసినవాళ్ల పని మొదలవుతుంది. నాలుగు దారులు చెబుతాం.

మొదటిది హాన్సెన్, హర్విట్జ్ అనే ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు 1946లో చెప్పింది. మిగిలిన వాళ్లందరి వెంట పడే డబ్బు లేకుంటే, వాళ్లలోనే చీటీ తీసి కొందరిని ఎంచుకో, వాళ్లను మాత్రం వదలకు అన్నారు. వెయ్యి ఇళ్లు అడిగితే 700 చెప్పాయనుకుందాం. అందులో 140 ఇళ్లలో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న పిల్లలున్నారు. అంటే 20 శాతం. మిగిలిన 300లో ఐదింటికొకటి చొప్పున 60 తీసి, మంచి అనుభవం ఉన్నవాళ్లను పంపాం. ఆ 60లో 30 ఇళ్లలో నిరుద్యోగులు తేలారు. ఒక్కో ఇల్లు ఐదిళ్లకు లెక్క కాబట్టి అది 150. మొత్తం 290. అసలు అంచనా 29 శాతం. అరవై ఇళ్ల వెంట ఓపిగ్గా తిరిగితే తొమ్మిది శాతం తప్పు దిద్దుకున్నది. చిన్న బడ్జెట్ పరిశోధకులకు ఇంతకన్నా మంచి దారి లేదు.

రెండోది తూకం వేయడం, అంటే వెయిటేజీ. బస్తీలో వంద ఇళ్లు ఎంచుకుంటే 95 చెప్పాయి, అపార్ట్‌మెంట్లలో వందకు 50 చెప్పాయి. రెండింటినీ కలిపేస్తే బస్తీ బరువెక్కుతుంది. అపార్ట్‌మెంట్ ఇంటికి ఒక్కోదానికి రెండు చొప్పున బరువు వేస్తే సమతూకం వస్తుంది. కానీ గుర్తుంచుకోండి. చెప్పిన 50 ఇళ్లు చెప్పని 50 ఇళ్ల లాంటివే అన్న నమ్మకం మీద ఇది నడుస్తుంది. ఆ నమ్మకం తప్పైతే తూకం కూడా తప్పే.

మూడోది 1949లో పొలిట్జ్, సిమన్స్ చెప్పిన ఉపాయం. ఇంట్లో దొరికిన మనిషిని, గత ఐదు రోజుల్లో ఇదే వేళకు ఎన్ని రోజులు ఇంట్లో ఉన్నావు అని అడగాలె. ఈ రోజుతో కలిపి ఆరు రోజులూ ఉన్నవాడికి బరువు ఒకటి. ఈ ఒక్కరోజే దొరికినవాడికి బరువు ఆరు. ఎప్పుడూ దొరకని వాళ్ల తరఫున అరుదుగా దొరికినవాడు ఎక్కువ గట్టిగా మాట్లాడతాడన్న మాట. బొత్తిగా దొరకని వాళ్లు, మాట్లాడనన్న వాళ్లు దీనికి కూడా చిక్కరు.

నాలుగోది అన్నింటికన్నా నిజాయితీ గలది. మనకు తెలియనిది ఎంత దూరం లాగగలదో రెండు చివరలూ చూపించడం. 2024 సర్వే మీదనే చేద్దాం. బీసీలు 46.25 శాతం, బీసీ ముస్లింలు 10.08 శాతం, కలిపి 56.33 అన్నారు. జవాబు రాని 3.1 శాతం కుటుంబాల్లో ఒక్కరూ బీసీలు కారనుకుందాం. అప్పుడు బీసీల వాటా 54.6కు దిగుతుంది. అందరూ బీసీలే అనుకుందాం. 57.7కు ఎక్కుతుంది. కుటుంబాలన్నీ ఇంచుమించు ఒకే సైజు అనుకొని వేసిన లెక్క ఇది. ఎటు తిప్పినా సగానికి పైనే. ఆ సర్వే జవాబు రాని ఇళ్ల వల్ల కూలిపోయిందనే వాళ్లకు ఇదే జవాబు.

ఇదే లెక్క ఓసీల వైపు పెట్టి చూడండి. ప్రకటించింది 15.79 శాతం. మిగిలిన వాళ్లంతా వాళ్లే అయితే 18.4. చిన్న వాటా ఉన్న వర్గానికి అదే 3.1 శాతం పెద్ద తేడా తెస్తుంది. ఇక రాష్ట్రం మొత్తం అంకెను వదిలి ఒక వార్డుకో డివిజన్‌కో దిగితే, జవాబు రాని ఇళ్లు పట్నంలో ఒకచోట కుప్పపడి ఉంటే, అక్కడి లెక్క పూర్తిగా మారిపోవచ్చు. రాష్ట్రానికి గట్టిగా నిలిచే అంకె వార్డు రిజర్వేషన్ దగ్గర నిలవకపోవచ్చు. అందుకే ఒక్క 96.9తో సరిపెట్టకుండా మండలాల వారీగా, డివిజన్ల వారీగా ఎంత వచ్చింది, ఎంత రాలేదు అని చెప్పాలంటున్నాం. 2025 ఫిబ్రవరి 16 నుంచి 28 దాకా మిగిలిన వాళ్లకు మళ్లీ అవకాశం ఇచ్చారు. మంచిదే. కాకపోతే ఫోన్ చేస్తే వస్తాం, ఆఫీసుకొచ్చి చెప్పండి అంటే వచ్చేది ఇష్టమున్నవాళ్లే. హాన్సెన్, హర్విట్జ్ చెప్పింది దానికి తలకిందులు. చీటీలో వచ్చిన ఇంటికి మనమే పోవాలె.

చెప్పనన్న మనిషి దోషి కాదు

ఒక మాట గట్టిగా చెప్పాల్సి ఉంది. జవాబు ఇవ్వని మనిషిని తిట్టడం, వాళ్ల పథకాలు ఆపుతామనడం సర్వే పద్ధతి కాదు, పెత్తనం. 1948 జనగణన చట్టం జవాబు చెప్పడం పౌరుని బాధ్యత అన్నది. అదే చట్టం ఇంట్లోని ఆడవాళ్ల పేరు చెప్పాలని ఎవరినీ బలవంతం చేయొద్దన్నది. ఆచారం అడ్డమైతే భర్త పేరు చెప్పాల్సిన పని కూడా ఆడమనిషికి లేదన్నది. చెప్పిన వివరాలను రహస్యంగా ఉంచాలన్నది. అంత కఠినమైన చట్టం కూడా మనిషి మౌనానికి ఒక మూల చోటు పెట్టింది. రాష్ట్రాలు చేసే సర్వేలకు ఆ చట్టం వర్తించదు. అక్కడ నమ్మకమే చట్టం.

ఆధార్ ఎందుకు, బ్యాంకు ఖాతా ఎందుకు, ఫ్రిజ్ ఉందా అని ఎందుకు అని జనం అడుగుతారు. దానికి తిన్నగా జవాబు చెప్పకుంటే వాళ్లు కూడా తిన్నగా జవాబు చెప్పరు. పోయిన సర్వే లెక్కలు ఏమయ్యాయని కూడా అడుగుతారు. 2014 సర్వే కోసం బస్సుల్లో నిలబడి ఊరికి వచ్చిన జనానికి దాని పూర్తి వివరాలు నివేదికగా అందలేదు. తీసుకున్న లెక్కను తిరిగి జనం ముందు పెట్టకుంటే వచ్చేసారి తలుపులు ఇంకిన్ని మూతపడతాయి.

ఎవరి వంతు వాళ్లు

పరిశోధక విద్యార్థులకు మా మనవి. మీ థీసిస్‌లో ఒక పేజీ జవాబు రాని ఇళ్లకు ఇవ్వండి. ఎన్ని ఇళ్లు ఎంచుకున్నారు, ఎన్నిసార్లు పోయారు, ఎన్ని తాళాలు, ఎన్ని నిరాకరణలు, ఏ ప్రశ్నకు ఎన్ని ఖాళీలు అని రాయండి. ఆ పేజీ రాస్తే మీ పని విలువ పెరుగుతుంది తప్ప తగ్గదు.

ఉద్యోగ మిత్రులకు మా మనవి. ఖాళీ గడిని మీ ఊహతో నింపకండి. పైనుంచి నూరు శాతం చూపమని ఒత్తిడి వస్తుందని మాకు తెలుసు. తాళం ఉన్న ఇంటికి తాళం ఉందని రాసే హక్కు కోసం మీ సంఘాలు నిలబడాలె. ఆ ఒక్క నిజమైన గడి కింద లక్ష అబద్ధపు గడులు కూడా సరితూగవు.

పాలకులకు మా డిమాండ్. ప్రతి అంకె పక్కన అడిగిందెందరిని, చెప్పిందెందరు అన్నది అచ్చు వేయండి. పెద్ద లెక్క అయిన తర్వాత వేరే మనుషులతో చిన్న తనిఖీ లెక్క చేయించండి. 2011 జనగణన తర్వాత అట్లాంటి తనిఖీ చేస్తేనే వెయ్యి మందిలో 23 మంది తప్పిపోయినట్టు తేలింది. అది చెప్పుకున్నందుకు జనగణన పరువు పోలేదు, పెరిగింది. రాబోయే 2027 జనగణనలో కులం కూడా అడుగుతామని కేంద్రం 2025లో ప్రకటించింది కాబట్టి ఈ పని ఇంకా ముఖ్యమైంది.

మిత్రులారా, లెక్కలో లేనివాడికి పంపకంలో వాటా ఉండదు. భీవండి మగ్గం మీద ఉన్న పద్మశాలి ఇంటికి ఇక్కడ తాళమే ఉంటుంది. దుబాయ్ క్యాంపులో ఉన్న కొడుకు గురించి చెప్పడానికి ముసలి తల్లికి అప్పు భయం అడ్డమొస్తుంది. వాళ్లు జవాబు ఇవ్వలేదని కొట్టేస్తే ఎవరికోసం సర్వే చేశామో వాళ్లనే కొట్టేసినట్టు. తాళం ఉన్న ఇంటికి ఇంకోసారి పోదాం. అప్పటికీ దొరకకపోతే, దొరకలేదని దాచకుండా రాద్దాం.

సెలవు.